మూడో ఇంజెక్టర్

"బండి వణకడం లేదే, నీ కాలు వణుకుతోంది. ఆడవాళ్ళ కాలికి యాక్సిలరేటర్ ఎక్కడ లొంగుతుంది?" అన్నాడు భర్త, మడతపెట్టిన దుప్పట్ల దొంతర మీద మోచెయ్యి ఆనించి ఫోన్ చూసుకుంటూ. ఆ దుప్పట్లు పొద్దున్నే ఇస్త్రీ చేసింది ఆమె. పైనున్న రెండూ ఇప్పుడు మళ్ళీ చెయ్యాలి.

వాళ్ళది లాండ్రీ. ఊళ్ళో లాడ్జీల దుప్పట్లూ తువ్వాళ్ళూ తెచ్చి, ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి తిరిగి ఇస్తారు. ఇస్తారు అని ఊరికే అనడమే గానీ, తెచ్చేదీ ఇచ్చేదీ ఆమె. అతని కార్డు మీద పేరు కింద 'ప్రొప్రైటర్' అని ఉంటుంది. అందుకే ఆమె మనసులో అతన్ని ప్రొప్రైటరుగారనే పిలుచుకుంటుంది. పైకి మాత్రం 'ఏవండీ'యే. ఉన్న డ్రైవరు మానేసినప్పుడు "ఇంట్లో మనిషుండగా ఇంకొకడికి జీతం దండగ" అని ఆమెకి డ్రైవింగ్ నేర్పించింది ఆయనే. నేర్పించడమంటే పక్కన కూర్చుని తిట్టడం. పాత పికప్పు బండి ఒకటి కొని, ఆడవాళ్ళ పేరు మీదైతే పన్నులో ఏదో తగ్గుతుందని ఆమె పేరు మీదే రాయించాడు. ఆమె కాగితాలు చదవబోతే "చదవడానికేముంది, సంతకం పెట్టు" అన్నాడు. పెట్టింది. పెట్టాక తీరిగ్గా చదువుకుంది కూడా, ఆ సంగతి ఆయనకి తెలీదు.

కొన్నాళ్ళుగా ఆ బండి ఎర్రలైటు దగ్గర ఆగితే చాలు, చలిజ్వరం వచ్చినట్టు వణికిపోతోంది. పక్క అద్దంలో ఆమె ముఖం నీళ్ళలో ముఖంలా చెదిరిపోతుంది. ఒక్కోసారి ఇంజన్ ఆగిపోయేది. వెనక హారన్ల మోత, దాని మీద ఎవడో తల బయటపెట్టి "దిగి ఎవరైనా మగాళ్ళని పిలువమ్మా!" అని సలహా. అయినా సరే ఆమెకి ఆ బండంటే ప్రాణం. తలుపు వేసుకుంటే లోపల ఇంకొక మనిషి ఉండడు. ఇంట్లో ఆమె తలుపు వేసుకోగల గది బాత్రూమొక్కటే, అక్కడా రెండు నిమిషాలకోసారి ఎవరో ఒకరు 'ఏం చేస్తున్నావూ' అంటూ తలుపు కొడతారు. బండిలో పాడుకుంది, ఏడ్చుకుంది, పొట్లం పల్లీలు ఎవరికీ పంచకుండా ఒక్కతే తింది. తనకంటూ మనసులో ఏమనిపిస్తోందో ఆమెకి వినబడేది అక్కడే.

ప్రొప్రైటరుగారు బండిని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాడు. మెకానిక్ బానెట్ ఎత్తనైనా లేదు. "ఎవరు నడుపుతారు సార్?" అన్నాడు. "మా ఆవిడ." ఇద్దరూ నవ్వుకున్నారు. "ఇంకేం, ఇంజన్ పనైపోయుంటుంది. వచ్చినకాడికి అమ్మేసుకోండి" అన్నాడట. ఇంటికొచ్చి ఆ నవ్వుతో సహా చెప్పాడు. "ఆదివారం సాయంత్రం కొనేవాడొస్తాడు. తమ్ముడి స్నేహితుడికి టెంపో ఉంది, తిరిగే పని వాడికిచ్చేద్దాం. నీకూ సుఖం కదా, ఇంటిపట్టున ఉండి ఇస్త్రీ చూసుకుందువుగాని." అత్తగారు కూడా "పోనీలేమ్మా, ఎండనపడి తిరగడం తప్పుతుంది" అంది.

సుఖమట! ఆ బండి పోతే ఇక తనకి మిగిలేది ఇస్త్రీబల్లకీ వంటగదికీ మధ్యనున్న నడవా. ఆ నడవాలోనే తలనెరిసిపోతుంది. వద్దు అని అరవాలనిపించింది. అరిస్తే ఏమంటారో కూడా తెలుసు, 'మంచికి చెప్తే ఎదురుతిరుగుతుందేం' అంటారు. అందుకని అరవలేదు. అసలు బండికి రోగమేమిటో ముందు తేల్చుకుందామనుకుంది.

మర్నాడు లాడ్జీ వెనక మైల దుప్పట్ల మూటల కోసం ఎదురుచూస్తూ ఫోన్‌లో వీడియోలు చూసింది. తర్వాత ఇంజన్ ఆన్‌లో ఉంచి బానెట్ ఎత్తింది. ఇంజన్‌కి నాలుగు సిలిండర్లు, నాలుగింటికీ నాలుగు ఇంజెక్టర్లు. ఇంజెక్టరంటే మరేం లేదు, పెట్రోలుని తుంపరగా చిమ్మే వేలెడంత గొట్టం. దాని నెత్తిన ఒక కరెంటు తీగ ఉంటుంది. ఇంజన్ తిరుగుతుండగా ఒక్కొక్క తీగా పీకి చూడాలి. మొదటిది పీకింది, ఇంజన్ ఇంకా కుంటింది. మళ్ళీ పెట్టింది. రెండోదీ అంతే. మూడోది పీకింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. అంతకుముందెంత వణుకో ఇప్పుడూ అంతే. పీకినా తేడా రాలేదంటే అది అంతకుముందే పని మానేసిందన్నమాట. 'దొంగ సచ్చినోడా, దొరికావా' అంది పైకే.

ఇదే పరీక్ష ఇంటికి పెడితే? ఆ ఆలోచన రాగానే ఆమెకి నవ్వాగలేదు. మరిదిగారు పదిరోజులు విహారయాత్రకెళ్తే ఒక్క దుప్పటీ ఆలస్యం కాలేదు. ప్రొప్రైటరుగారు నడుంనొప్పని వారం పడుకుంటే గల్లాపెట్టె తాళం మాత్రం వెతుక్కోవాల్సొచ్చింది. తనకి రెండ్రోజులు జ్వరమొస్తే మాత్రం మూడు లాడ్జీల వాళ్ళు గుమ్మం ముందు నిలబడ్డారు, ఇంట్లో పొయ్యి వెలగలేదు, 'ఇదేం జ్వరమమ్మా, సమయం సందర్భం లేకుండా' అని అత్తగారు విసుక్కుంది. నవ్వుతూనే ఉంది గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ వారం లాడ్జీల నుంచి వసూలైన డబ్బులోంచి, పెళ్ళయ్యాక మొదటిసారి, ఎవర్నీ అడక్కుండా తీసుకుంది. విడిభాగాల దుకాణం ఆయన "సార్‌ని పంపండమ్మా, ఏది కావాలో కనుక్కుని ఇస్తా" అన్నాడు. "సార్‌కేం తెలీదండీ, నాకిచ్చెయ్యండి. ఒకటి పోయిందంటే మిగతావీ అదే దారి పడతాయి, నాలుగూ ఇవ్వండి. రబ్బరు రింగులతో సహా" అంది.

ఆదివారం పొద్దున్నే పెరట్లో మొదలుపెట్టింది. పెట్రోలు పంపు ఫ్యూజు పీకి, ఇంజన్ దానంతటదే ఆగిపోయేదాకా తిప్పింది. గొట్టాల్లో ఒత్తిడి పోకుండా విప్పితే పెట్రోలు ముఖాన చిమ్ముతుంది మరి. బ్యాటరీ తీగ తప్పించింది. నాలుగు ఇంజెక్టర్లనీ పట్టి ఉంచే ఇనుపగొట్టం బోల్టొకటి ఎంతకీ కదల్లేదు. నూనె వేసి, ఓపిక పట్టి, మళ్ళీ తిప్పింది. విప్పినవన్నీ ఒక కంచంలో పెట్టుకుంది.

"అన్నం తినే కంచంలో ఇనుపముక్కలా! బండిలో దూరే కోడల్ని ఎక్కడా చూళ్ళేదమ్మా" అంది అత్తగారు వసారాలోంచి.

"దూరలేదత్తయ్యా, తల మాత్రమే పెట్టాను."

"టిఫినేదీ?" లోపల్నుంచి ప్రొప్రైటరుగారు.

"చేతులనిండా పెట్రోలండీ. పొయ్యి దగ్గరికి రమ్మంటే వస్తాను, ఆ పైన మీ ఇష్టం."

 వంటగదిలో గిన్నెలు కిందపడుతున్న చప్పుడు. వెళ్ళి చూడాలని కాళ్ళు లాగాయి. వెళ్ళలేదు.

కొత్త ఇంజెక్టర్ల రింగులకి ఇంజన్ ఆయిల్ రాసి ఒక్కొక్కటీ నొక్కి కూర్చోబెట్టింది. తీగలు తగిలించి, ఫ్యూజు మళ్ళీ పెట్టింది. పెట్రోలు ఎక్కడా కారడంలేదని చూసుకుని స్టార్ట్ చేసింది. బండి ఈల వేసింది. ఈల వేస్తూ మునుపటికంటే ఘోరంగా వణికింది.

ప్రొప్రైటరుగారు చేతిలో మాడిన రొట్టెతో బయటికొచ్చాడు. "చెప్పానా! ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె. సాయంత్రం వాడికేం చూపిస్తావిప్పుడు? నీకెందుకొచ్చిన పెత్తనమే?"

ఆమెకి ముఖం మండిపోయింది. ఒక్క క్షణం నిజంగానే, నాకెందుకొచ్చింది అనుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే ఒళ్ళుమండింది. మళ్ళీ కంచం ముందు చతికిలబడి పాత ముక్కలన్నీ ఒక్కొక్కటే చూసింది. ఒక్కో ఇంజెక్టర్‌కి పైనొక రింగు, కిందొక రింగు ఉండాలి. మూడోదానికి కింది రింగు లేదు. లేదంటే, అది లోపల కన్నంలోనే అంటుకుని ఉండిపోయింది. దాని మీదే కొత్తది పెట్టి నొక్కేసింది తను! సందులోంచి గాలి దూరి ఈల వెయ్యక ఏం చేస్తుంది?

ఒత్తిడి తీసి మొత్తం మళ్ళీ విప్పింది. కన్నంలో చిటికెనవేలు పెట్టి తడిమితే తగిలింది, ఎండి గట్టిపడ్డ నల్ల రింగు. గోటితో గీరి పైకి లాగింది. గోరు విరిగింది. విరిగితే విరిగింది.

మళ్ళీ అన్నీ బిగించి, సీట్లో కూర్చుని తాళం తిప్పింది. ఇంజన్ అందుకుంది. ఈల లేదు, వణుకు లేదు, ఒకే తీరున మెత్తని చప్పుడు. పక్క అద్దంలో చూసింది. బుగ్గమీద మసి, చెదిరిన జుట్టు, ముఖం మాత్రం కదలకుండా నిలబడి ఉంది. ఎన్నాళ్ళయిందో తనని తాను ఇలా చూసుకుని.

సాయంత్రం కొనేవాడొచ్చాడు. ఇంజన్ చప్పుడు విని తల పంకించాడు. "అయిపోయిన ఇంజనన్నారు, బంగారంలా ఉందే!"

"మేం అశ్రద్ధ చెయ్యమండీ. కొత్త ఇంజెక్టర్లు వేయించాను" అన్నాడు ప్రొప్రైటరుగారు ఛాతీ విరుచుకుని. "అందుకని, ముందనుకున్న ధరకి రాదు మరి." ఆమెవైపు తిరక్కుండానే చెయ్యి చాపాడు. "తాళం ఇలా తే. కాగితాల మీద సంతకం కూడా పెట్టెయ్."

వేయించాను. ఆ మాట ఆమె చెవిలో గింగురుమంది. విరిగిన గోరు సలుపుతోంది. తను బాగుచేసిన బండే, తను బాగుచేసినందుకే, ఎక్కువ ధరకి పోతోంది! కోపం రావలసిందే, వచ్చింది కూడా. కానీ చిత్రంగా, ఆ కోపంలో వణుకు లేదు. నడిచి వెళ్ళి బండెక్కి, తలుపు వేసుకుని, అద్దం దించింది.

"సంతకం పెట్టనండీ" అంది కొనేవాడితో, మర్యాదగానే. "బండి నా పేరు మీదుంది, అమ్మకానికి లేదు. మీకు సరుకులు తిప్పే పనుంటే చెప్పండి, అద్దెకి వస్తాను. డ్రైవర్‌తో సహా."

కొనేవాడు ఇద్దరివైపూ మార్చి మార్చి చూశాడు. అత్తగారు వసారాలో నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

"మతిపోయిందా? రేపు లాడ్జీల దుప్పట్లెవరు తెస్తారు?" అన్నాడు ప్రొప్రైటరుగారు. గొంతు సన్నగా వణికింది.

ఆమె గేరు వేసింది.

"మీ లాండ్రీకైనా అంతేనండీ. బండి అద్దె వేరు, డ్రైవరు జీతం వేరు."