రేపు కూడా కూర్చుంటాం

మా ఆవిడ సంపూర్ణమ్మ గుడివాడ దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో రొయ్యలు ఒలుస్తుంది. నేను అక్కడే ఐస్ మోస్తాను. ఆ షెడ్డులో నలభై మంది ఆడవాళ్ళు తడి నేల మీద ఎనిమిది గంటలు నిలబడే ఒలుస్తారు. సాయంత్రానికి మా ఆవిడ కాళ్ళు వాచి చెప్పులు పట్టవు. చేత్తో పట్టుకుని ఆటో దాకా నడుస్తుంది. ఇలాగే నిలబడితే పని మానుకోవాల్సి వస్తుందని విజయవాడలో డాక్టరు చెప్పాడు. మానే ఉద్దేశం ఆవిడకు లేదు.

స్టూళ్ళు కావాలని సూపర్‌వైజరు లక్ష్మీకాంత్‌ని రెండుసార్లు అడిగారు. చూద్దామన్నాడు. పోయినేడు సరుకు కొనే మేడం స్పెయిన్ నుంచి వచ్చినప్పుడు ఆమెనే అడిగారు. ఇంగ్లీషులో చెప్పిపెట్టింది లక్ష్మీకాంతే. ఆమె నవ్వి, తలూపి వెళ్ళిపోయింది. అతను ఏం చెప్పాడో ఎవరికీ తెలియదు.

"ఈసారి ఆవిడ భాషలో మనమే అడుగుదాం" అంది సంపూర్ణమ్మ.

పక్కన నిలబడి ఒలిచే స్టెల్లాకు ఆ భాష కొంచెం వచ్చు. ప్యాకెట్ల మీద ఏం రాసి ఉంటుందో తెలుసుకుందామని ఫోన్లో నేర్చుకుంది. అన్నాల వేళ అందరికీ ఒకటే మాట నేర్పింది. కెరేమోస్ సెంతార్నోస్. మాకు కూర్చోవాలని ఉంది.

"చివర అండీ అనేది లేదా వాళ్ళకి? అట్టా ముఖాన కొట్టినట్టు ఎట్టా అడుగుతాం?" అంది సంపూర్ణమ్మ.

"దయచేసి అనడానికి పోర్ ఫవోర్ అనొచ్చు పిన్నీ."

"నాకు నోరు తిరగట్లా. అండీయే పెడతాలే."

పది రోజులు అంట్లు తోముతూ అదే మాట. వినీ వినీ నాకూ వచ్చేసింది.

మేడం వచ్చే రోజు పొద్దున షెడ్డులోకి వెళితే బల్లల ముందు నలభై ప్లాస్టిక్ స్టూళ్ళున్నాయి.

"కూర్చోండమ్మా, కూర్చోండి" అన్నాడు లక్ష్మీకాంత్.

స్టెల్లా ముఖం వాడిపోయింది. "కూర్చునుండి కూర్చుంటామని ఏం అడుగుతాం పిన్నీ?"

సంపూర్ణమ్మ తన స్టూలు తిరగేసి చూసింది. అడుగున ఎర్రరంగుతో టెంట్ హౌస్ పేరు, ఫోను నంబరు.

"పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చేవే ఇయ్యి. రేపటికుండవు. రేపుని ఏమంటారే?"

"మన్యానా."

"కూడా అంటే?"

"తంబియేన్."

మేడం బల్ల దగ్గరికి రాగానే సంపూర్ణమ్మ లేచి నిలబడింది.

"కెరేమోస్ సెంతార్నోస్ మన్యానా తంబియేన్ అండీ."

లక్ష్మీకాంత్ నవ్వేసి ఇంగ్లీషులో ఏదో చెప్పబోయాడు. మేడం అతని వైపు చూడలేదు. సంపూర్ణమ్మ స్టూలు తిరగేసి చూపించింది. మేడం ఆ ఎర్ర అక్షరాల మీద తన ఫోను కెమెరా పెట్టి, అది తన భాషలోకి మార్చి చూపించినదాన్ని చదువుకుంది. స్టెల్లాని ఏదో అడిగింది. స్టెల్లా అవునంది. ఈలోగా మిగతావాళ్ళూ ఒక్కొక్కరే లేచారు. అందరిదీ అదే మాట, చివర అండీతో సహా.

మేడం పుస్తకంలో రాసుకుంది. వెళుతూ లక్ష్మీకాంత్‌తో ఒక్క మాటే అంది.

"మన్యానా."

మర్నాడు పొద్దున్నే టెంట్ హౌస్ వ్యాను వచ్చింది. ఎవరూ లేవలేదు.

"గన్నవరంలో రిసెప్షనుందమ్మా. లేవండి" అన్నాడు వ్యాను అతను.

"కెరేమోస్ సెంతార్నోస్ అండీ" అంది సంపూర్ణమ్మ, రొయ్య మీంచి చూపు తిప్పకుండా.

"అదేం భాషమ్మా?"

"కొనేవాళ్ళ భాష. మా సారుకి కూడా నిన్నటి నుంచి అర్థమవుద్ది, అడగండి."

లక్ష్మీకాంత్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మేడం కారు ఎటునుంచి వస్తుందోనని రోడ్డు వైపు చూశాడు. లోపల కూర్చున్న నలభై మందినీ చూశాడు.

"కొత్తవి తెప్పించేదాకా ఉండనీ" అన్నాడు.

వ్యాను ఖాళీగా వెళ్ళిపోయింది.

సాయంత్రం గేటు దగ్గర సంపూర్ణమ్మ చెప్పులు కింద పడేసి కాళ్ళు దూర్చింది. కాస్త బిగుతుగానే పట్టాయి. ఆటో దాకా వేసుకునే నడిచింది.