మాస్కు వెనక మాట

సోమలింగం తల ఊపాడు. ఆ ఊపిన తల ఎంత పని చేసిందో ఆ పొద్దున అతనికి తెలియదు.

శుక్రవారం ఏడు గంటలు. సూరత్‌లోని కోసాడ్ కాలనీలో మూడో అంతస్తు మీద ఒక గది, ఒక వంటిల్లు. కూతురు సుమన డ్యూటీకి బయల్దేరి, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ ఆగి ఏదో చెప్పింది. దవాఖానాలో నర్సు ఆమె. కరోనా రెండో విడత తగ్గుముఖం పట్టినా, వార్డులోంచి తండ్రికి ఏం మోసుకొస్తానోనన్న భయంతో నాలుగు నెలలుగా ఇంట్లో కూడా మాస్కు తీయడం లేదు. వంటింట్లోనే తిని, వంటింట్లోనే పడుకుంటుంది. ఆ పొద్దున చాలాసేపు చెప్పింది. చెప్పడం ముగించి జవాబు కోసం చూసింది. అతను తల ఊపాడు, ఒకసారి కాదు, మూడుసార్లు. సుమన కళ్లు క్షణంసేపు అతని ముఖం మీద నిలిచి, కిందికి వాలిపోయాయి. మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆమె చెప్పిందాంట్లో ఒక్క ముక్క అతనికి అందలేదు.

కరీంనగర్‌లో బి.ఏ. పాసై, ఉద్యోగం దొరికేదాకా రెండేళ్లు ఉందామని మేనమామ వెంట సూరత్ వచ్చినవాడు సోమలింగం. ఆ రెండేళ్లు ముప్పై రెండయ్యాయి. ఇప్పుడు అమ్రోలీలో నలభై ఎనిమిది సాంచాల, అంటే మరమగ్గాల, కార్ఖానాకు మాస్టర్. ఏ మగ్గం ఆగినా, ఏ మగ్గం మొరాయించినా అతనే చూడాలి. అన్ని సాంచాలు ఒక్కసారి ఆడుతుంటే పక్కవాడి అరుపు కూడా వినిపించదు. అక్కడ ఎవరూ చెవులతో వినరు, మూతి చూసి మాట పట్టుకుంటారు. అతని భార్య ఐలమ్మ షెడ్డుకు ఆ చివర కండెలు చుట్టేది. ఇరవై సాంచాల అవతలి నుంచి, గొంతు లేవకుండా, పెదాలతోనే అతనితో పోట్లాడేది. ఆ పోట్లాటలో ఒక్క మాట కూడా తప్పిపోయేది కాదు.

సాంచాల మధ్య తల ఊపడానికి ఒకటే అర్థం. నీ మాట ముట్టింది, నువ్వు పోయి పని చూసుకో అని. ఔననీ కాదు, కాదనీ కాదు. ముప్పై రెండేళ్ల అలవాటు అది.

మూడేళ్ల కింద ఐలమ్మ కిడ్నీల జబ్బుతో పోయింది. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం ఆమె లేనితనమే అనుకున్నాడు. తర్వాత మాస్కులు వచ్చాయి. జనం జబ్బుకు భయపడి గొంతు తగ్గించి మాట్లాడుతున్నారనుకున్నాడు. సుమన కూడా ఇంట్లో మాస్కు పెట్టుకున్నాక, తప్పు జనం గొంతుల్లో లేదని మెల్లగా తెలిసింది. కానీ ఎవరికి చెప్పుకోవాలి? మాస్టర్ అంటే చెవి అని కార్ఖానా యజమాని సేట్ నమ్మకం. చప్పుడు విని మగ్గం రోగం చెప్పేవాడని పేరు. నిజానికి అతను ఎన్నో ఏళ్లుగా సాంచా చట్రం మీద అరచెయ్యి పెట్టి, ఆ అదురులోనే అన్నీ తెలుసుకుంటున్నాడు. ఆ సంగతి అతనికే ఈ మధ్య అర్థమైంది.

ఆ మధ్యాహ్నం చాయ్ బండి దగ్గర బుచ్చిరాములు కలిశాడు. అదే కార్ఖానాలో ఎనిమిది సాంచాలు నడుపుతాడు, వరసకు బావమరిది. చాయ్ తాగడానికి మాస్కు గడ్డం కిందికి లాగాడు గనుక మాటలు కనిపించాయి.

“బిడ్డను కామ్‌రేజ్‌కు పంపుతున్నవట గద బావా? మంచి ధైర్యమే చేసినవ్.”

సోమలింగం చేతిలో గ్లాసు ఆగిపోయింది. “ఎవలన్నరు?”

“పొద్దుగాల ఫోన్ చేసి మా ఇంటిదానికి చెప్పిందట. ఊరవతల ఆడేదో కొత్త దవాఖాన, ఆడనే హాస్టల్. ఐతారం పొద్దుగాల పోతదట. బాపును అడిగిన, సరేనన్నడు అన్నదట.”

ఇంకా ఏదో అంటూనే బుచ్చిరాములు మాస్కు పైకి లాక్కున్నాడు. మిగతా మాట ఆ గుడ్డ వెనకే ఉండిపోయింది. సోమలింగం ఎప్పటిలా తల ఊపబోయి, భయపడి, మెడ బిగబట్టుకున్నాడు.

ఐతారం. మధ్యలో ఒక్క శనివారం. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అటక మీది నీలం బ్యాగు కిందికి దిగి ఉంది. సుమనకు వెళ్లాలని ఉందా, లేక ఇంకేదైనా కారణమా? వెళ్లాలని ఉంటే ఆపగూడదు. మళ్లీ చెప్పమని అడిగితే చెవుల సంగతి బయటపడుతుంది. బయటపడితే, వెళ్లాలని ఉన్నా ఆగిపోతుంది. చెవిటి తండ్రికి కాపలాగా ఆగిపోతుంది. అది అతనికి వద్దు. కానీ తాను దేనికి తల ఊపాడో తెలియకుండా కూతుర్ని సాగనంపడం ఎలా?

అతని ఫోను సుమన మొదటి జీతంతో కొనిపెట్టింది. కొత్త అప్‌డేట్ సిద్ధంగా ఉందని అది వారం రోజులుగా అడుగుతూనే ఉంది, అతను ‘తర్వాత’ అని నొక్కుతూనే ఉన్నాడు. శుక్రవారం రాత్రి చార్జింగ్‌లో పెట్టి పడుకుంటే, తనంతట తానే అప్‌డేట్ చేసుకుంది. శనివారం పొద్దున చూస్తే గడియారం ఒకచోటికి, బొమ్మలు ఇంకోచోటికి జరిగిపోయి ఉన్నాయి. ‘మీ ఫోన్‌లో కొత్తవి’ అని ఒక పేజీ తెరుచుకుంది. బజ్జీలు కట్టిచ్చిన కాగితాన్ని కూడా చదివిగానీ పారేయని మనిషి, వరండాలో కూర్చుని ఆ పేజీ మొదటి నుంచి చదివాడు. తుడిచేసిన కబుర్లు మళ్లీ చూసుకోవచ్చట. తెర మీద జరిగేది వీడియో తీసుకోవచ్చట. ఇవన్నీ నాకెందుకనుకుంటూ కిందికి జరిపాడు.

‘మీ చుట్టూ వినిపించే మాటలను అక్షరాలుగా చూపిస్తుంది.’

ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. నొక్కాడు. తెలుగు ఎంచుకున్నాడు. మైక్ వాడుకోవడానికి అనుమతిస్తారా అని అడిగింది. కింద మూడు జవాబులు. యాప్‌ను వాడుతున్నప్పుడు, ఈసారికి మాత్రమే, వద్దు. కొత్త మనిషిని గుమ్మం దాకా రానిచ్చినట్టు ‘ఈసారికి మాత్రమే’ నొక్కాడు.

నల్లటి పేజీ వచ్చింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత అడుగున చిన్న అక్షరాలు పడ్డాయి: పక్షి కూత.

సోమలింగం తలెత్తాడు. ఎదురు బ్లాకుకు కట్టిన కేబుల్ వైరు మీద రెండు పిచ్చుకలు. ఈ కాలనీలో పిచ్చుకలు మాయమైపోయాయని అతను రెండు మూడేళ్లుగా అందరికీ చెబుతున్నాడు. అవి ఎక్కడికీ పోలేదు. ఆ తర్వాత కుక్కర్ అని పడింది, ఆటో అని పడింది, మళ్లీ పక్షి కూత. షిఫ్టుకు ఆలస్యమవుతున్నా ఇరవై నిమిషాలు అక్కడే కూర్చుని, ఆ పొద్దుటిని చదువుకున్నాడు.

మధ్యాహ్నం చాయ్ బండి దగ్గర ఫోన్ బెంచీ మీద పెట్టి తల వంచుకు కూర్చున్నాడు. బుచ్చిరాములు చాయ్ తాగేసి, మాస్కు ఎక్కించి, చాయ్‌వాలాతోనో గాలితోనో మొదలుపెట్టాడు. అక్షరాలు పరుగెత్తాయి.

“గీ బావ పెద్దమనిషైండు. ఫోన్ల తలకాయ పెడితె తియ్యడు. పిలిస్తె పలుకడు. బి.ఏ. పొగరు.”

“పొగరెక్కడిదిరా, వచ్చినయే పాస్ మార్కులు” అన్నాడు సోమలింగం తలెత్తకుండా.

బుచ్చిరాములు ఎగిరిపడ్డాడు. తెర మీద మెల్లగా ఇంకో వాక్యం వచ్చింది.

“ఇయ్యాలకు పలికినవా. ఒక్కనాడన్న కోపానికొచ్చి పలుకుతవేమోనని రోజు తిడుతున్న బావా.”

ఎన్ని నెలలుగానో ఈ మనిషి తన పక్కన కూర్చుని రోజూ ఓపిగ్గా తిట్టాడు. సోమలింగం ఇంకో రెండు చాయ్‌లు చెప్పాడు.

శనివారం సుమనకు డబుల్ డ్యూటీ. ఇంటికి వచ్చేసరికి ఆదివారం తెల్లవారింది. స్నానం చేసి, గంటసేపు నడుం వాల్చి, లేచి బ్యాగు సర్దడం మొదలుపెట్టింది. పది గంటలకు ఆటో వస్తుంది. సోమలింగం మంచం మీద కూర్చుని ఫోన్ ఒళ్లో పెట్టుకున్నాడు. మళ్లీ అదే ప్రశ్న అడిగింది. మళ్లీ ‘ఈసారికి మాత్రమే’ నొక్కాడు.

“పప్పు డబ్బ పైన పెట్టిన. తొక్కు సీస కింది అరల ఉన్నది.”

“ఆ, చూసిన” అన్నాడు.

సుమన వంటింట్లోంచి తల బయటపెట్టి చూసింది. మాటకు మాట అతికి ఎన్నాళ్లయిందో.

“బీపీ గోలి పొద్దున ఒకటి. మర్వకు.”

“మర్వ.” గొంతు సవరించుకున్నాడు. “బిడ్డా, మొన్న శుక్రారం గుమ్మంకాడ ఏమన్నవో జర మల్లొకసారి చెప్పు.”

సుమన బ్యాగు దగ్గరికి వచ్చి నిలబడింది. తర్వాత అక్షరాలు పడ్డాయి. అక్కడక్కడ తప్పులు పడి, వెనక్కి వెళ్లి అవే దిద్దుకుంటున్నాయి.

“ఎన్నిసార్లు చెప్పిచ్చుకుంటవు బాపు. అమ్మ పోయినంక నువ్వు నాతోని సరిగ మాట్లాడనే మాట్లాడవు. నాలుగు నెలల సంది మరీ ఘోరం. ఒకటడిగితె ఒకటి చెప్తవు. లేకపోతె లేచి పోతవు. నేను ఇంట్ల ఉంటె నీకు బరువైతాందా అని అడిగిన. కామ్‌రేజ్ పోతె నీకు నిమ్మళమా అని అడిగిన. మూడుసార్లు తలకాయ ఊపినవు.”

సోమలింగం ఆ చివరి వాక్యం దగ్గరే ఆగిపోయాడు. కళ్లు అక్కణ్నుంచి కదలలేదు. అక్షరాలు మాత్రం ఆగలేదు.

“చూడు. ఇప్పుడు గూడ ఫోనే చూస్తున్నవు. పోయేదాన్ని, ఒక్కసారి మొకమన్న చూడవా.”

అడుగున, నిన్న పక్షి కూత అని పడ్డ చోట, చిన్న అక్షరాలు పడ్డాయి.

ఏడుపు.

తలెత్తి చూశాడు. సుమన వెనక్కి తిరిగి బ్యాగు జిప్పు లాగుతోంది. భుజాలు కూడా కదలడం లేదు. వార్డులో రోగుల ముందు అలా ఏడవడం నేర్చుకుని ఉంటుంది. ఫోను లేకపోతే అతనికి ఎప్పటికీ తెలిసేది కాదు.

లేచి వెళ్లి ఫోన్ ఆమె కళ్లముందు పెట్టాడు.

“ఫోన్ చూస్తలేను బిడ్డా. నిన్నే చదువుతున్న.”

సుమన చూసింది. మొదట అర్థం కాలేదు. తర్వాత వేలితో పైకి జరిపింది. ఏడుపు, మొకమన్న చూడవా, తలకాయ ఊపినవు, గోలి, తొక్కు సీస, పప్పు డబ్బ. అంతా చదివి, ఫోన్ అతని చేతిలో పెట్టి, వంటింట్లోకి వెళ్లి గోడవైపు తిరిగి నిలబడింది.

తెర మీద పడింది: “బాపు నీకు చెవులు ఇనవడుతలేవా.”

“ఇనవడుతలేవు బిడ్డా.”

ఆమె గిర్రున తిరిగింది. “ఎప్పటిసంది?”

“ఏమో. అందరి మూతులు కనవడ్డన్ని దినాలు నాకే ఎర్కలేదు. మీరు మూతులు కట్టుకున్నంక తెలిసింది.”

“మరి తలకాయ ఎందుకు ఊపినవ్?”

“సాంచాలకాడి అలవాటు. మాట ముట్టిందని ఊపుతం.”

“ముట్టకపోయినా ఊపుతవా?”

“ముట్టకపోతెనే జర ఎక్కువ ఊపుత.”

ఆమె భుజాలు ఈసారి కదిలాయి. తెర అడుగున పడ్డ అక్షరాలు చూసి సోమలింగానికి ఊపిరి ఆడింది. నవ్వు.

“నర్సునయ్యి ఇంట్ల మనిషి రోగం గుర్తుపట్టలే” అని రాసింది ఫోను.

“ఆ సంగతి ఇడిసిపెట్టు. నువ్వు చెప్పు. కామ్‌రేజ్ పోవాలని నీకున్నదా? ఉంటె పో. నా చెవులకోసం ఆగినవంటె ఊకోను. గీ ఫోనున్నది, బుచ్చిరాములున్నడు, నేను బతుకుత.”

“ఆడ ఏమున్నది బాపు. హాస్టల్ల నీళ్ల చారు పోస్తరట. డ్యూటీ గూడ గిదే డ్యూటీ. నువ్వు పొమ్మన్నవని పోతున్న గని నాకు పోబుద్ధైతాందా.”

“నేను పొమ్మన్లే.”

“ఎర్కైంది గద ఇప్పుడు.”

హారన్ అని పడింది తెర మీద. ఇద్దరూ ఒకేసారి చూశారు. సుమన వరండాలోకి వెళ్లి, రెయిలింగ్ మీద వంగి, ఆటో ఇక అక్కర్లేదని హిందీలో అరిచింది. తెలుగు మాత్రమే ఎంచుకున్న ఫోను ఆ హిందీకి తికమకపడి, ఏదో అర్థంలేని తెలుగు రాసి ఊరుకుంది.

ఆమె తిరిగి వచ్చేసరికి తెర ఆరిపోయి, యాప్ మూసుకుపోయింది. ఫోన్ తీసుకుని తెరిచింది. మళ్లీ మూడు జవాబులు వచ్చాయి. తండ్రిని అడగకుండానే ‘యాప్‌ను వాడుతున్నప్పుడు’ నొక్కి అతని చేతిలో పెట్టింది.

“వచ్చే వారం మా దవాఖానల చెవుల డాక్టర్ దగ్గరికి పోదాం. మిషిన్ పెడ్తరు.”

“సేట్ చూస్తె? సాంచాల రోగం నేను చెవితోటి చెప్తున్ననుకుంటుండు, చెప్పేది చేత్తోటి.”

“చూడనియ్యి. చేత్తోటి సాంచా రోగం చెప్పే మాస్టర్ ఆయనకు ఇంకెక్కడ దొరుకుతడు?”

సోమలింగం తన అరచేతిని ఒకసారి తిప్పి చూసుకున్నాడు.

సుమన వరండా ఆ చివరికి నడిచింది. అక్కడ గాలి బాగా కొడుతుంది, ఇద్దరికీ మధ్య పది పన్నెండు అడుగుల దూరం. అటూ ఇటూ చూసి, చెవుల వెనక దారాలు తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టుకున్న రెండు మాస్కులూ కిందికి దించింది. ముక్కు మీద, చెంపల మీద ఒరుసుకుపోయిన ఎర్రటి గీతలు. నాలుగు నెలల తర్వాత కూతురి నోరు చూశాడు. పై పెదవి ఐలమ్మదే.

ఆమె గొంతు లేవకుండా, పెదాలతోనే, అచ్చం సాంచాల అవతలి నుంచి తల్లి అడిగినట్టే అడిగింది.

చాయ్ తాగుతవా?

అతని తల కదలబోయింది. మెడ బిగబట్టుకుని ఆపాడు.

“తాగుత!” అన్నాడు.

ఎంత గట్టిగా అన్నాడో అతనికి తెలియదు. వైరు మీది పిచ్చుకలు లేచిపోయాయి. కింద కూరగాయల బండివాడు తలెత్తి మూడో అంతస్తు వైపు చూశాడు.