ఫ్రిజ్‌కి మధ్యాహ్నం నిద్ర

కుందూగారింటి ఫ్రిజ్‌ని అప్పటికి మూడుసార్లు బాగుచేశాను. మొదటిసారి తలుపు రబ్బరు మార్చాను. రెండోసారి మంచు కరిగించే హీటరు మార్చాను. మూడోసారి సెన్సరు మార్చి, ఇక జన్మలో నన్ను పిలవక్కర్లేదని కూడా చెప్పాను. పదిహేను రోజులు తిరక్కుండా పిలిచారు. గౌర్ మిస్త్రీ చెయ్యి పడితే ఫ్రిజ్ హిమాలయమైపోతుందని మా ఊరు చుంచుడాలో టీకొట్టు దగ్గర ఎవరో అన్నారట. ఎవరో నాకు తెలుసు. వాళ్ల ఏసీ పాడైతే నేను వెళ్లను.

నాలుగోసారి వెళ్లింది అల్లుళ్ల పండగ జామాయి షష్ఠికి ముందు రోజు. మర్నాడు ప్రతి ఇంట్లోనూ అత్తగారు అల్లుణ్ణి కూర్చోబెట్టి, విసనకర్రతో విసురుతూ, లేవలేనంత తినిపిస్తుంది. పొద్దున్న ఏడింటికి నేను వెళ్లేసరికి ఇంటావిడ అలోకా మాసీమా ఫ్రిజ్ ముందు చతికిలబడి అట్లకాడతో మంచు పొడుస్తోంది.

"ఆపండి మాసీమా! లోపలి గొట్టానికి చిల్లు పడిందంటే గ్యాసంతా పోతుంది. తర్వాత దీంట్లో చీరలు మడతపెట్టుకోవాల్సిందే."

"నా పులస లోపలుందిరా గౌర్. కిలోన్నర. కడుపునిండా గుడ్లు."

చూశాను. మంచు నాలుగు వేళ్ల మందాన పేరుకుంది. వెనక మూల తోక మాత్రం కనిపిస్తోంది.

"మా అమ్మాయి శ్రాబణి పెళ్లయి రెండేళ్లు," అంది మాసీమా. "రిజిస్ట్రీ ఆఫీసులో సంతకాలు పెట్టేసి, ఫోన్ చేసి చెప్పింది. ఈయన ఆ అబ్బాయితో ఇంతవరకు ఒక్క ముక్క మాట్లాడలేదు. రేపు మొదటిసారి వస్తున్నాడు. ఈయనేమో పొద్దున్నే బండెక్కి కృష్ణనగర్‌లో అక్కగారింటికి పోతారట. ఎదురుగా కూర్చునే మామగారు లేకపోతే అదేం పండగరా? కనీసం చేపైనా ఉండాలా, వద్దా?"

చేప సంగతి చూస్తానన్నాను. మామగార్లని బాగుచేసే పని నాది కాదు.

ఆ మామగారు, బినయ్‌భూషణ్ కుందూ, వరండాలో పేపరు చదువుతున్నారు. జూట్ మిల్లులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. మాసీమా అంటే పిన్నిగారు, ఆ లెక్కన ఈయన నాకు మేసోమశాయ్.

"ఏమోయ్, ఈసారి ఏం మారుస్తావు?"

"ఇంకా తెలీదు మేసోమశాయ్."

"తెలీదని ఒప్పుకున్నావు, సంతోషం. మూడు సామాన్లు మార్చాకైనా."

ఫ్రిజ్ ఆపేసి, గిన్నెల్లో వేడినీళ్లు పెట్టి, తలుపు తెరిచి కూర్చున్నాను. మంచు కరుగుతుంటే ఒక్కొక్కటీ పరీక్షించాను. హీటరు బాగుంది. సెన్సరు బాగుంది. బోర్డు బాగుంది. పాడైన వస్తువంటే నాకు కోపం రాదు. అన్నీ బాగుండి పనిచెయ్యని వస్తువంటే ఒళ్లు మండుతుంది.

ఒంటిగంటకి చేప ఊడొచ్చింది. ఊడిన మంచుగడ్డల మధ్యే బకెట్లో పెట్టాం. నాకూ అన్నం పెట్టి, వాళ్లూ తిని, ఇల్లంతా నడుం వాల్చింది. మా ఊళ్లో అన్నం తిన్నాక పడుకోనివాణ్ణి దొంగని చూసినట్టు చూస్తారు. నేను నేలమీద నీళ్లు తుడుస్తున్నాను.

ఒంటిగంటన్నరకి మేసోమశాయ్ లుంగీ సర్దుకుంటూ వచ్చి, నావైపు చూడకుండా, ఫ్రిజ్ వెనక స్విచ్ మీదికి చెయ్యి పోనిచ్చారు. అది ముందే ఆపి ఉంది. ఆయన అలాగే నిలబడిపోయారు.

"ఇవాళ దీన్ని ఎవరు పడుకోబెట్టారు?" అన్నారు.

"దేన్ని?"

"దీన్నే."

చేతిలో గుడ్డ కింద పెట్టాను. "రోజూ పడుకోబెడతారా మేసోమశాయ్?"

"నాలుగున్నర దాకా. ఇంట్లో అందరం పడుకుంటాం, ఇదొక్కటే గుర్రుమంటూ చావాలా? మిల్లులో ఎన్ని యంత్రాల్ని చూశాను! విశ్రాంతి ఇవ్వకపోతే ఏదీ నిలవదు."

"ఎప్పటినుంచి?"

"పోయిన దుర్గాపూజకి కొన్నప్పటినుంచి. ఒక్కరోజు కూడా మానలేదు," అన్నారు, గర్వంగానే.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. "లోపల బోర్డు ఇరవై నాలుగు గంటలు వరసగా లెక్కపెడుతుంది. లెక్క పూర్తయితే తనే మోటారు ఆపుకుని, హీటరు వేసుకుని, మంచు కరిగించుకుంటుంది. మీరు స్విచ్ ఆపినప్పుడల్లా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. దానికి ఇరవై నాలుగో గంట ఇంతవరకు రాలేదు."

ఆయన వంగి ఫ్రిజ్ వెనక్కి చూశారు. "అంటే, దాని విశ్రాంతి అదే తీసుకుంటుందా?"

"తీసుకుంటుంది."

"నాకెవరూ చెప్పలేదే."

గుమ్మంలో మాసీమా నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో తెలియదు. "ఎనిమిది నెలలు," అంది. "ఎనిమిది నెలలు నేను మంచు పొడుస్తుంటే, మీరు పేపరు చదువుకున్నారు."

ఆయన బకెట్లో చేపవైపు చూశారు. మూడు సామాన్ల మాట మర్చిపోయి నేనే ఆయన మీద జాలిపడ్డాను.

రెండింటికి ఫ్రిజ్ వేసి, చేపని లోపల పెట్టాను. "రేపు ఇదే వేళదాకా ఎవరూ స్విచ్ ముట్టుకోకూడదు. అప్పుడు అదే ఆగి కరిగించుకుంటే, రోగం కుదిరినట్టు."

"నేను వంటలో ఉంటాను," అంది మాసీమా. "పక్కింటి ఆడవాళ్లొస్తారు. ఆవాలు రుబ్బాలని ఎవరో ఒకరు ఈ ప్లగ్గు పీకి మిక్సీ పెట్టేస్తారు."

"పెట్టేస్తారు," అన్నారు మేసోమశాయ్. "మీ ఆడవాళ్ల సంగతి నాకు తెలీదా?" గోడవైపు తిరిగి, "రేపు రావడం లేదని అక్కకి ఫోన్ చేసి చెప్పు. మనిషి కాపలా లేకపోతే ఎలా?" అన్నారు.

ఆయన మాట పూర్తయ్యేలోపే మాసీమా ఫోన్ అందుకుంది. ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. గట్టి మనిషి.

మర్నాడు పావు తక్కువ రెండింటికి నేను వెళ్లాను. అల్లుడు దేబోపమ్ బండి ఆలస్యమై అప్పుడే భోజనానికి కూర్చున్నాడు. సన్నగా ఉన్నాడు. చుట్టూ పన్నెండు గిన్నెలు. మాసీమా విసురుతోంది, శ్రాబణి గోళ్లు కొరుక్కుంటోంది. మేసోమశాయ్ బల్ల పక్కనే, ఫ్రిజ్‌కి వీపు ఆనించి కుర్చీలో కూర్చుని ఎదురుగోడ చూస్తున్నారు. అల్లుడు కంచం చూస్తున్నాడు. ఇంట్లో మాట్లాడుతున్నది మోటారొక్కటే.

రెండు దాటి రెండు నిమిషాలకి టక్కుమని అదీ ఆగింది.

అందరూ ఉలిక్కిపడ్డారు. దేబోపమ్ ఎంగిలిచేత్తో సగం లేచాడు. "కరెంటు పోయిందేమో, నేను చూస్తానుండండి..."

మేసోమశాయ్ అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టారు.

"దానికేం కాలేదు. నువ్వు తిను." చెయ్యి తియ్యకుండానే కంచంలోకి వంగి చూశారు. "నిమ్మళంగా తిను నాయనా. అది వీపు ముక్క. ముళ్లెక్కువ."

శ్రాబణి ముఖం తిప్పుకుంది. మాసీమా విసనకర్ర పక్కన పెట్టి, లోపలికెళ్లి ఇంకో కంచం తెచ్చింది.