నోరు విప్పని నానమ్మ

మా అత్తగారి నోరు మంచిదని ఎవరూ అనరు. కూరల అంగట్లో ఆవిడ ఒక్క కేక వేస్తే వీధి చివర పడుకున్న కుక్క కూడా లేచి నిలబడుతుంది. ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి ఆ నోటితో వేగుతూనే ఉన్నాను. నా నోరూ తక్కువదేం కాదు లెండి. అలాంటి మనిషి ఉన్నట్టుండి మూగనోము పట్టింది.

నా కూతురి తలలో గడ్డ ఉందనీ, ఆపరేషన్ తప్ప దారి లేదనీ తేల్చారు. స్ట్రెచర్ మీద దాన్ని లోపలికి తోసుకెళ్తుంటే ఆపరేషన్ గది తలుపు ముందు అత్తయ్య రెండు చేతులూ జోడించింది.

"దేవుడా, దీని నోట మాట వినేదాకా నేను నోరు విప్పను. నా మాట నీ దగ్గర తాకట్టు. నా మనవరాలిని నాకివ్వు."

తలుపు మూసుకుంది. ఆవిడ నోరూ మూసుకుంది.

గడ్డ తీసేశారు, గండం గడిచిందన్నారు. పిల్ల కళ్లు తెరిచింది, మమ్మల్ని గుర్తుపట్టింది, పాలు తాగింది. కానీ కుడి చెయ్యి కదపదు, మాట్లాడదు. మా పిల్ల! ఇంట్లో దాన్ని గిలక్కాయ అని పిలుస్తాం. బడి వదిలితే నానమ్మ అంగట్లోనే దాని మకాం. ఆవిడ "టమాటాలూ!" అని అరిస్తే, ఇది "ఎర్రగా ఉన్నాయ్, బుర్రగా ఉన్నాయ్!" అని అందుకునేది. బుర్రగా ఉండటం అంటే ఏమిటో దానికీ తెలీదు, కొనేవాళ్లకీ తెలీదు.

మాటలు నేర్పడానికి ఆసుపత్రిలో ఒక అమ్మాయి వచ్చేది. "మాట వస్తుందమ్మా, ఎప్పుడో మాత్రం చెప్పలేం. బాగా అలవాటైన గొంతు పాపకి వినిపిస్తూ ఉండాలి" అంది.

నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ కిటికీ వైపు చూసింది.

మా ఆయన్ని వరండాలోకి లాక్కొచ్చాను. "మీ అమ్మకి చెప్పండి."

"మొక్కు అది. మధ్యలో వదిలేస్తే పిల్లకేమన్నా అయితే?" అన్నాడు. అంత పెద్ద బస్సును సందుగొందుల్లో తిప్పే మనిషి, అమ్మ మొక్కు దగ్గరికొచ్చేసరికి పిల్లి అయిపోయాడు.

"మాట్లాడించమని వీళ్లు చెబుతుంటే, వద్దని మీకు ఏ దేవుడు చెప్పాడు?"

"నువ్వు నమ్మకపోతే మానెయ్. నమ్మేవాళ్ల జోలికి రాకు."

నాకు ఒళ్లు మండిపోయింది.

ఇక కబుర్లు నేనే మొదలుపెట్టాను. కుట్టు మిషను ముందు కూర్చుని బతికేదాన్ని, కొలతల గురించీ గుండీల గురించీ తప్ప నాకేం తెలుసు? పిల్ల కాసేపు విని నానమ్మ వైపు చూసేది. ఆవిడ పెదాలు బిగబట్టుకుని, ముఖం గంటు పెట్టుకుని దాని పాదాలు నిమురుతూ ఉండేది. సడలిస్తే ఏడుపొస్తుందని ఆవిడ భయం. పిల్ల ఆ ముఖాన్ని చూసీ చూసీ గోడవైపు తిరిగేది. నొప్పేమో అనుకున్నాను.

ఒకరోజు పొద్దున్న నానమ్మ పాలు పట్టబోతే పిల్ల నోరు తెరవలేదు. కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి. ఇక నా వల్ల కాలేదు.

"అత్తయ్యా, మీ కాళ్లు పట్టుకుంటాను. ఇన్నేళ్లూ వద్దన్నా మాట్లాడారు. ఇప్పుడు నన్ను తిట్టండి, అదన్నా విననివ్వండి! మీ మాట తాకట్టు పెట్టుకుని ఆ దేవుడేం చేసుకుంటాడు? అది కావలసింది దీనికి!"

ఆవిడ గబుక్కున వెనక్కి జరిగింది. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. మొండితనం కాదది, భయం. తను ఒక్క మాట అంటే పిల్ల ప్రాణం పోతుందని నిజంగానే నమ్ముతోంది. నాకు జాలేసింది. అయినా అక్కణ్ణించి కదల్లేదు.

చివరికి చెయ్యి తీసింది. ఏం మాట్లాడాలో తోచలేదు కాబోలు, తనకు బాగా వచ్చిన మాటే నోట వచ్చింది.

"టమాటాలూ..."

వార్డంతా తిరిగి చూసింది. పిల్ల మెల్లగా ఇటు తిరిగింది. పెదాలు కదిలాయి.

"నానమ్మా... కో... కోపం... పోయిందా?"

ఇన్నాళ్లూ అదా దాని బాధ!

"నీ మీద నాకు కోపమేంటే, పిచ్చి మొద్దూ!" అంటూ అత్తయ్య బావురుమంది.

సాయంత్రం డాక్టరు వచ్చి, మాట విని సంతోషించాడు. కుడి చేతి వేళ్లు నొక్కి చూశాడు. చెయ్యి సంగతి ఇప్పుడే చెప్పలేమన్నాడు.

అత్తయ్య నన్ను వరండాలోకి పిలిచింది. "నేను మాట తప్పాను కదా. అందుకే ఆ చెయ్యి రావట్లేదంటావా?"

"పిచ్చి మాటలు మాని లోపలికెళ్లి దానికి కబుర్లు చెప్పండి" అని కసిరాను.

వెళ్లింది. టమాటాలూ, వంకాయలూ, నా మీద చాడీలూ అన్నీ బయటికి వినబడుతున్నాయి. నేను మాత్రం ఆ ఆపరేషన్ గది తలుపు దగ్గరికి నడిచాను. ఎన్నడూ దండం పెట్టి ఎరగను, చేతులు జోడించడం కూడా సరిగ్గా కుదరలేదు.

"ఆవిడ మాట తప్పలేదు, నేను తప్పించాను. కోపముంటే నా మీద చూపించు. తాకట్టు కావాలంటే కుట్టుకు బతికే ఈ చెయ్యి తీసుకో. దాని చెయ్యి దానికిచ్చెయ్" అన్నాను.