మాస్టారి మెడలో మైకు

మా సైన్సు మాస్టారికి మహా మతిమరుపు. సుద్దముక్క చేతిలోనే పట్టుకుని బల్లంతా వెతికే రకం. అలాంటి మనిషికి మెడలో వేలాడే మైకు ఆపాలని ఎక్కడ గుర్తుంటుంది?

ఆ మైకు నాకోసం. నాకు రెండు చెవులూ సరిగా వినబడవు. మాస్టారు దాంట్లో మాట్లాడితే ఆ మాట తిన్నగా నా చెవి మిషన్‌లోకి వస్తుంది. బడి వదిలాక, చదువులో వెనకబడ్డవాళ్లకి కింద చివరి గదిలో ఆయనే మళ్లీ పాఠం చెబుతారు. అందరికంటే ముందు వెళ్లి, కిటికీ పక్కన కళ్లు మూసుకుని కూర్చుంటాను నేను. మాస్టారు ఎక్కడో ఉంటారు. గొంతు మాత్రం నా తలలో తిరుగుతూ ఉంటుంది. మెట్ల మీద ఆయాసం, కుళాయి నీళ్ల చప్పుడు, సగంలో మర్చిపోయి మళ్లీ మొదలెట్టే పాట. ఎండ బల్ల మీద మెల్లగా జరుగుతుంది. నేను నీళ్ల అడుగున పడుకుని, పైనెవరో చెబుతున్న కథ వింటున్నట్టు ఉంటుంది.

మైకు ఆపమని చెప్పొచ్చు కదా అంటారా? చెప్పను గాక చెప్పను. ఆ పాట పోతే నాకేం మిగులుతుంది! పైగా చెప్పాలంటే నోరు తెరవాలి. నా మాట ముద్దముద్దగా వస్తుంది. ఒకసారి తెరిస్తే క్లాసంతా పగలబడి నవ్వింది. అప్పట్నుంచీ ఎవరేమడిగినా తల ఊపి ఊరుకుంటాను.

ఆ రోజు పాట రాలేదు. కుర్చీ జరిపిన చప్పుడు వచ్చింది. ఆ వెనకే, కాస్త దూరంగా, హెడ్‌మిస్ట్రెస్ గొంతు. మాస్టారు మేడ మీద ఆవిడ గదిలో ఉన్నారన్నమాట.

“ఆ అమ్మాయిని వేరే బడికి పంపించేద్దామండీ. చెవులు వినబడని పిల్లల బడి ఉంది కదా. ఇక్కడ ఏమడిగినా తల ఊపుతుందంతే.”

నా గురించే! మా మాస్టారు ఊరుకుంటారా, నాలుగు దులిపేస్తారులే అనుకున్నాను.

“ఏమో మేడం,” అన్నారాయన. “గొంతు చించుకుని చెబుతున్నాను. ఒక్క ముక్కయినా ఆ పిల్లకి చేరుతోందో లేదో! గోడతో మాట్లాడినట్టుంది. మీరన్నట్టు పంపించెయ్యడమే మంచిదేమో.”

ఛీ! ఎంత ఏడుపొచ్చిందో. ఈ మనిషి దగ్గు కూడా గుర్తుపడతానే, ఈయనకి నేను గోడనా? అయినా ఆయనకి మాత్రం ఎలా తెలుస్తుంది, నేను నోరు విప్పితే కదా.

“అయితే వాళ్ల నాన్నకి ఫోన్ చేస్తాను,” అన్నారు హెడ్‌మిస్ట్రెస్.

ఎప్పుడు లేచానో తెలియదు. వరండా పొడుగునా పసుపుపచ్చటి ఎండ. ఎంత పరిగెత్తినా మేడమెట్లు దగ్గరికి రావడం లేదు. చెవిలో మాస్టారి నిట్టూర్పు. ఆ నిట్టూర్పు పట్టుకునే మెట్లెక్కాను. తలుపు తోసి, ఆయన ఎదురుగా నిలబడ్డాను.

“చేరుతోంది సార్!”

ఇద్దరూ బిత్తరపోయారు. హెడ్‌మిస్ట్రెస్ చేతిలో ఫోను అలాగే ఉండిపోయింది.

“అంతా చేరుతోంది. ఆకులు ఊపిరి తీసుకుంటాయన్నారు. వేళ్లు చీకట్లో కూడా నీళ్లని వెతుక్కుంటాయన్నారు. మా పేపర్లు దిద్దుతూ ‘ఓరి నాయనో, వీళ్లు నన్ను చంపేస్తారు’ అన్నారు.”

మాస్టారు మెడ తడుముకున్నారు. “అయ్యో నా బుర్ర మండా! ఇప్పుడన్నది కూడా విన్నావా తల్లీ?” అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

హెడ్‌మిస్ట్రెస్ నన్నే చూస్తూ, “ఇక్కడే ఉంటావా అమ్మా?” అని అడిగారు.

“ఇక్కడే ఉంటాను మేడం.”

అప్పుడు గమనించాను. ఆ మాట నా నోట్లోంచి వెళ్లి, మాస్టారి మైకులోంచి తిరిగి నా చెవిలోకి వచ్చింది. ఎవరో అమ్మాయి గొంతు. కాస్త ముద్దగా ఉంది, కాస్త కోపంగా ఉంది. వినడానికి బాగానే ఉంది.

హెడ్‌మిస్ట్రెస్ ఫోను పక్కన పెట్టేశారు. మాస్టారు సిగ్గుపడుతూ మైకు ఆపబోయారు.

“ఆపకండి సార్,” అన్నాను. “నేనింకా మాట్లాడాలి.”