పింఛను కోత

దుప్పటి మడత పెట్టాలంటే ఇద్దరుండాలి. హోటలు లాండ్రీలో ఆమెకు ఎదురుగా ఒక పిల్ల నిలబడి రెండో కొస పట్టుకుంటుంది. ఇంట్లో అయితే గడ్డం కింద నొక్కిపెట్టుకుని తనే మడుచుకోవాలి. కాళ్ళు చాపుకుని టీవీ చూసే మొగుడికి ఆ రెండో కొస ఇన్నేళ్ళలో ఒక్కసారీ కనబడలేదు మరి!

"వదినా, నువ్వు పింఛన్లో ఉంటున్నావా, మానేస్తున్నావా?" అంది ఆ పిల్ల. లాండ్రీలో అందరికీ ఆమె వదినే.

కొత్త పద్ధతి వచ్చింది. పనివాళ్ళందరినీ కంపెనీయే పింఛను పథకంలో చేర్చేసింది. నెలనెలా జీతంలో కొంత కోస్తారు, కంపెనీ కొంత కలుపుతుంది, వయసు మళ్ళాక నెలకింతని చేతికిస్తారు. వద్దనుకున్నవాళ్ళు నెలాఖరులోగా చెప్పాలి. కావాలనుకుంటే ఏమీ చెయ్యక్కర్లేదు. ఆ మాటకు ఆమెకు నవ్వొచ్చింది. తను చెయ్యి కదపకపోతే ఆ ఇంట్లో గ్లాసు కూడా కదలదు. ఊరికే కూర్చుంటే తనకు మేలు జరిగే పని లోకంలో ఒకటుందని ఎవరనుకుంటారు!

మొగుడు మాత్రం జీతం చీటీ చూసి గయ్యిమన్నాడు. "తగ్గిందేంటి? ముసలితనానికి నేను లేనా? నిన్ను వీధిలో పారేస్తానా? వద్దని చెప్పెయ్."

"వాడుండగా నీకు పింఛనెందుకే?" అని మంచం మీంచి అత్తగారు వత్తాసు పలికింది.

ఆ అత్తగారి కంట్లో వేసుకునే చుక్కల మందు అయిపోయి వారమైంది. కొడుకు ముఖం ప్రసన్నంగా ఉన్నప్పుడు అడుగుదామని కాచుక్కూర్చుంది పాపం. కోడలి జీతమూ అతని ఖాతాలోనే పడుతుంది గనక కోడలూ కొనివ్వలేదు. భోజనమయ్యాక ఆవిడ నెమ్మదిగా, "నాయనా, ఆ చుక్కలూ..." అంది.

"ఇప్పుడేనా అమ్మా?" అని విసుక్కున్నాడు.

ఆవిడ ఎర్రబడ్డ కళ్ళు ముంజేత్తో తుడుచుకుని గోడవైపు తిరిగింది. జీవితమంతా ఆ ఇంటికి చాకిరీ చేసిన మనిషి! కోడలు ఎంగిలి కంచాలు తీస్తూ ఆవిడ వీపు వైపే చూసింది. రేపు ఆ మంచం మీద ఉండేది తనే.

ఆ పూటే తేల్చుకుంది. వద్దని ఎవరికీ చెప్పదు. "చెప్పావా?" అని మొగుడడిగితే "ఊఁ" అంది. కాపురంలో అబద్ధాలు కొత్త కాదు గానీ, తన కోసం ఆడటం అదే మొదలు.

నెల మారింది. చీటీలో కోత లేదు. వెంటనే ఆఫీసు గదిలోకి పరుగెత్తింది.

"మీరు మానేశారుగా వదినా?" అంది గుమాస్తా అమ్మాయి కంప్యూటర్ చూస్తూ. "పథకంలో ఉంటారా, వద్దా అని మీ ఫోన్‌కి మెసేజ్ వెళ్ళింది. వద్దని నొక్కారు."

పనిలో చేరిన రోజు నంబరడిగితే మొగుడి నంబరిచ్చింది. ఇంటికంతా ఒకటే ఫోను, అది అతని జేబులో ఉంటుంది. ఎందుకు దాచావని అడగనైనా లేదు, పోట్లాడనైనా లేదు మహానుభావుడు! నొక్కేసి, ఆమె వడ్డించింది తిని పడుకున్నాడు.

"మళ్ళీ చేర్చమ్మా," అంది.

"చేర్చొచ్చు. కానీ మళ్ళీ అదే ఫోన్‌కి మెసేజ్ వెళ్తుంది. సరేనని అక్కడ నొక్కాలి."

"అయితే ఆ నంబరు తీసెయ్."

అమ్మాయి తీసేసింది. "ఇప్పుడు ఏ నంబరు వెయ్యమంటారు?"

ఆమె నోరు తెరిచింది. చెప్పడానికి తనదంటూ ఒక్క నంబరూ లేదు.