కోటు మీద తెల్లదారం

మా కాంప్లెక్సులో దారి తప్పడానికి మతి పోనక్కర్లేదు. మతి నిక్షేపంగా ఉన్నవాళ్ళే తప్పుతారు. ఆరు టవర్లు, ఆరూ ఒకే రంగు, ఒకే లిఫ్టు, ఒకే గుమ్మం. వచ్చిన కొత్తలో నేనే ఓసారి కూరల సంచీతో డి టవర్ ఎక్కేసి, ఎవరిదో తలుపులో తాళంచెవి పెట్టి తిప్పుతూ నిలబడ్డాను. లోపల్నుంచి ఒకాయన బనీనుతో తలుపు తీసి "ఎవరు కావాలండీ?" అన్నాడు. "మా ఇల్లు కావాలండీ," అన్నాను. ఆయన నవ్వలేదు. ఇక్కడ ఎవరూ నవ్వరు లెండి.

మేం అద్దెకుండేది బి టవర్లో, తొమ్మిదో అంతస్తు, నాలుగో నంబరు. నేనూ మా అత్తయ్యా, అంతే. నేను దర్జీని. మిషన్ కింద రెండు దుప్పట్లు మడిచి వేసి, తలుపులు బిడాయించుకుని దొంగతనంగా కుడుతుంటాను, ఎందుకంటే ఇళ్ళలో వ్యాపారం చెయ్యకూడదని అసోసియేషన్ రూలు. ఆ అసోసియేషన్ సెక్రటరీకి నేను పెట్టుకున్న పేరు సర్క్యులర్. బాల్కనీలో బట్టలారేస్తే ఒక సర్క్యులరు, లిఫ్టులో గట్టిగా మాట్లాడితే ఇంకోటి. లిఫ్టులో అద్దం చుట్టూ ఆయన అంటించిన కాగితాలన్నీ చదవాలంటే తొమ్మిది అంతస్తులు చాలవు.

మా ఆయనా దర్జీయే. నాకు సూది పట్టుకోవడం నేర్పిందే ఆయన. ఎడమచేతివాటం మనిషి. ఊపిరితిత్తుల జబ్బుతో పోయి రెండేళ్ళయింది. పోయేముందు వాళ్ళమ్మకి నీలం ఉన్ని గుడ్డతో ఒక కోటు మొదలుపెట్టాడు. కత్తిరించాడు, తెల్లదారంతో కచ్చా కుట్టు వేశాడు, అక్కడితో ఆగిపోయింది. కచ్చా కుట్టంటే, అసలు కుట్టు పడేదాకా ముక్కలు జారిపోకుండా వేసే పొడుగు పొడుగు పోగులు. పనంతా అయ్యాక పీకేస్తాం.

అది పీకే విషయంలో ఆయనకి భలే పట్టింపు. "తెల్లదారం ఉన్నన్నాళ్ళూ మనిషి మన దగ్గరికి వస్తూ పోతూ ఉంటారే. అది పీకేశామా, ఇక వాళ్ళ దారి వాళ్ళది. తొందరపడకు," అనేవాడు. నాకేమో దారం వేలాడుతూ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. లిఫ్టులో ముక్కూ మొహం తెలీని వాళ్ళ చొక్కా మీద ఉన్నా లాగి పారేస్తాను. దీని గురించి అప్పట్లో మాకున్న షాపులో మేం పోట్లాడుకోని రోజు లేదు.

ఆ కోటు నేను పూర్తి చెయ్యలేదు. రాక కాదు. ఆయన చెయ్యి ఆగిన చోట నా చెయ్యి పెట్టబుద్ధి కాలేదు. అత్తయ్య మాత్రం దాన్ని వదిలితేనా! చేతులు రెండూ తెల్లపోగుల మీద వేలాడుతున్న ఆ కోటే తొడుక్కుని, రోజూ మధ్యాహ్నం మూడింటికి కిందికెళ్ళి, టవర్ల చుట్టూ నడిచి ఐదింటికి వస్తుంది. దారి తప్పితే ఇంటికి చేర్చమని గేటు దగ్గర గార్డుకి చెప్పి పెట్టాను.

ఆవిడకి మతిమరుపు. కొడుకు పోయాడన్న మాట తలలో నిలవదు. మొదట్లో అడిగినప్పుడల్లా నిజం చెప్పేదాన్ని. చెప్పినప్పుడల్లా అప్పుడే పోయినట్టు గుండెలు బాదుకునేది. ఎన్నిసార్లని చూడను ఆ ఏడుపు? ఇప్పుడు "షాపుకెళ్ళాడు" అంటాను. సరేనంటుంది. ఆవిడ మీద సణుగుతాను, కసురుతాను, ఆవిడా నాకు తక్కువ పెట్టదు. కానీ ఈ లోకంలో నాదంటూ మిగిలిన మనిషి ఆవిడొక్కతే. ఆవిడ కూడా లేకపోతే నేనేమైపోవాలో నాకు తెలీదు.

ఒకరోజు ఐదింటికి ఆవిడొచ్చింది. కోటు విప్పి కొక్కేనికి తగిలిస్తుంటే కుడిచెయ్యి భుజానికి గట్టిగా బిగిసి ఉంది. తెల్లపోగుల పక్కనే నీలం దారంతో అసలు కుట్టు పడింది. నా ఒళ్ళు మండిపోయింది.

"ఎవరత్తయ్యా దీని మీద చెయ్యేసింది?"

"అబ్బాయి."

"ఏ అబ్బాయి?"

"నీ మొగుడే! నాకింకో అబ్బాయున్నాడా, పిచ్చి మొహమా?"

సరే, ఈ కాంప్లెక్సులో ఇంకో దర్జీ దిగాడన్నమాట, ముసలావిణ్ణి మంచి చేసుకుని నా పని లాక్కుందామని చూస్తున్నాడు, వాడి సంగతి తేలుస్తానని చిర్రుబుర్రులాడుతూ కోటు తీసుకెళ్ళి కిటికీ వెలుగులో పెట్టాను. కుడిచేత్తో కుడితే పోగు ఒకవైపు వాలుతుంది, ఎడమచేత్తో కుడితే రెండోవైపు. ఇది రెండోవైపు వాలింది. పైగా ప్రతి ఐదో కుట్టూ కాస్త పొట్టిగా ఉంది. ఐదు కుట్లకోసారి ఆగి దారం బిగించుకోవడం ఒక్కరికే అలవాటు. పదహారేళ్ళు పక్కన కూర్చుని చూశాను ఆ చేతిని.

మర్నాడు రెండో చెయ్యి బిగిసింది. ఆ మర్నాడు కాలరు పడింది.

నాలుగో రోజు పొద్దున్నే సర్క్యులర్ వచ్చి బెల్లు కొట్టాడు. మిషన్ మీద దుప్పటి కప్పేసి తలుపు తీశాను.

"ఏమ్మా, ఇక్కడ చాలక సి టవర్లో కూడా మిషన్ పెట్టారా?" అన్నాడు.

"నాకెక్కడిదండీ సి టవర్లో ఇల్లు? కలగన్నారా?"

"సి తొమ్మిది నాలుగులో రోజూ మధ్యాహ్నం కుట్టుమిషన్ చప్పుడొస్తోందని కింది ఫ్లాటువాళ్ళు కంప్లయింటు రాశారు. ఆ ఫ్లాటు కట్టినప్పట్నుంచీ ఖాళీ. మిషన్ అనగానే నాకు మీరే గుర్తొచ్చారు."

"గుర్తు పెట్టుకున్నందుకు సంతోషం. పదండి, చూద్దాం," అన్నాను.

గార్డు తాళాల గుత్తి తెచ్చాడు. తాళం తుప్పు పట్టి తిరగలేదు. నూనె పోసి, భుజంతో నెట్టి, పావుగంట తంటాలు పడితే తెరుచుకుంది. లోపల అచ్చం మా ఇల్లే. అదే హాలు, అదే బాల్కనీ తలుపు, మేం మిషన్ పెట్టుకున్న చోట అదే కిటికీ. సామాను మాత్రం ఒక్కటి లేదు. నేలంతా మందంగా దుమ్ము.

"ఏమీ లేదు. కింది వాళ్ళకి చెవుల్లో చప్పుడు," అని సర్క్యులర్ కాగితం మీద టిక్కు కొట్టుకున్నాడు.

ఏమీ లేకపోవడమేంటి? దుమ్ములో గుమ్మం నుంచి కిటికీ దాకా చెప్పుల గుర్తులున్నాయి. చిన్న చెప్పులు, కుడి మడమ అరిగినవి. అత్తయ్యవి. వెళ్ళినవీ వచ్చినవీ, మొత్తం ఆరు వరసలు. ఇంకెవరి అడుగులూ లేవు. కిటికీ కింద మాత్రం నాలుగు చోట్ల దుమ్ము అణిగి ఉంది, మిషన్ కాళ్ళు ఆనినట్టు.

ఆ సాయంత్రం అత్తయ్యకి తల దువ్వుతూ మెల్లిగా కదిపాను.

"అబ్బాయి ఎలా ఉన్నాడత్తయ్యా?"

"బానే ఉన్నాడు. దగ్గు తగ్గింది."

"నా గురించి అడిగాడా?"

"ఊఁ."

"ఏమని?"

"ఇంకా దారాలు పీకుతోందా అని."

దువ్వెన అక్కడే ఆగిపోయింది. ఆ మాట ఆవిడ సొంతంగా కల్పించలేదు, కల్పించే ఓపిక ఆ తలలో లేదు. నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. వాళ్ళమ్మకి కనిపిస్తాడట, కోటు కుడతాడట, పదహారేళ్ళు కాపరం చేసినదానికి ఒక్క మాట లేదు! మర్నాడు అత్తయ్య కంటే ముందే వెళ్ళి సి తొమ్మిది నాలుగు తలుపు దబదబా బాదాను. తాళం తాళంలాగే ఉంది. చెవి ఆనించి విన్నాను. ఏమీ వినిపించలేదు. పక్కింటావిడ తలుపు ఓరగా తీసి చూసి, మళ్ళీ వేసేసుకుంది.

అత్తయ్యని ఇంట్లో పెట్టి గడియ వెయ్యొచ్చుగా అంటారు. వెయ్యొచ్చు. వెయ్యలేదు, తప్పు నాదే. రోజూ ఐదింటికి ఆ కోటు లాక్కుని కిటికీ దగ్గరికి పరిగెత్తడం నాకు అలవాటైపోయింది. ఇవాళ ఎంత కుట్టాడు, ఎక్కడ ఆగాడు అని వేళ్ళతో తడుముకునేదాన్ని. రెండేళ్ళ తర్వాత ఆయన పని చేస్తుంటే చూస్తున్నాను. అది పోగొట్టుకోవడం నావల్ల కాలేదు.

లైనింగ్ పడింది. జేబులు పడ్డాయి. ఎనిమిదో రోజు ఐదు గుండీలూ కాజాలతో సహా పూర్తయ్యి కోటు ఇంటికొచ్చింది. ఎంత బాగుందంటే, చూసిన కళ్ళు తిప్పుకోలేకపోయాను. ఇస్త్రీపెట్టె వేడెక్కించి, తడిగుడ్డ పరిచి, కాలరు నొక్కి, మడతలు తీర్చాను. అంత నీలం కోటు మీద ఆ తెల్లపోగులు అసహ్యంగా కనిపించాయి. చేతులు వాటంతటవే వెళ్ళాయి. భుజాల దగ్గర, అంచుల్లో, కాలరు కింద, ఒక్కొక్కటీ సర్రున లాగి పారేశాను. ఎంత హాయిగా అనిపించిందో! పీకిన దారమంతా ఉండ చుట్టి చెత్తబుట్టలో వేసి, కోటు కొక్కేనికి తగిలించి, చేతులు దులుపుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం గబగబా ఒక పరదా అంచు మడుస్తున్నాను. అత్తయ్య కోటు తొడుక్కుని ఐదు గుండీలూ పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. "వెళ్తున్నానే," అంది. "ఊఁ, త్వరగా రా," అన్నాను తలెత్తకుండా. తలుపు పడిన చప్పుడయింది.

కాసేపటికి చెత్తబుట్ట ఖాళీ చేద్దామని లేచాను. బుట్టలో తెల్లదారం ఉండ. దాన్ని చూస్తూ నిలబడిపోయాను. అది పీకేశామా, ఇక వాళ్ళ దారి వాళ్ళది. ఎవరో చెవిలో చెప్పినంత స్పష్టంగా వినిపించింది. వెనక్కి తిరిగి చూస్తే టేబుల్ మీద అత్తయ్య కళ్ళజోడు మడిచి పెట్టి ఉంది. పక్కన తాళంచెవి. గుమ్మం దగ్గర మడమ అరిగిన చెప్పులు బుద్ధిగా జత చేసి ఉన్నాయి. ఆవిడ రోజూ వెళ్ళేటప్పుడు "వస్తానే" అంటుంది. ఇవాళ "వెళ్తున్నానే" అంది. నా చెవులు ఏమయ్యాయి?

లిఫ్టు కోసం ఆగలేదు. తొమ్మిది అంతస్తులు దిగాను, మధ్యలో పార్కింగ్ దాటాను, గార్డు "ఏమైందక్కా?" అని అరుస్తున్నా సి టవర్లోకి దూరాను. లిఫ్టు తలుపు తెరిచే ఉంది. తొమ్మిదో అంతస్తులో అడుగు పెట్టేసరికి మిషన్ చప్పుడు వినిపించింది. తొక్కుడు మిషన్. ఐదు కుట్లు, ఆగడం. ఐదు కుట్లు, ఆగడం. మొన్న నూనె పోసి నెట్టిన తలుపు ఓరగా తెరిచి ఉంది.

లోపల మిషన్ లేదు. చప్పుడు మాత్రం కిటికీ కింది నుంచి వస్తోంది. బాల్కనీ తలుపు బార్లా తెరిచి ఉంది. అత్తయ్య గడప మీద వట్టి కాళ్ళతో నిలబడి, కుడిచెయ్యి కాస్త పైకెత్తి పట్టుకుంది, ఎవరో చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నట్టు. ఎదురుగా పిట్టగోడ, దాని అవతల తొమ్మిది అంతస్తుల ఖాళీ.

"అత్తయ్యా!"

వెనక్కి తిరిగింది. మొహం ఎంత తేటగా ఉందో! ఆ మొహంలో అంత నెమ్మది నేనెప్పుడూ చూడలేదు.

"వచ్చావా పిల్లా? కోటు అయిపోయిందట. వెళ్దామంటున్నాడు."

ఒక్క అంగలో వెళ్ళి ఆవిడ ఎడమచెయ్యి పట్టుకున్నాను. లాగితే రాలేదు. అటువైపు పట్టు నా పట్టు కంటే గట్టిగా ఉంది. అప్పుడు నాకు తట్టింది. పనికని చీర మీద తొడుక్కునే చొక్కా కాలరులో నాకెప్పుడూ దారం ఎక్కించిన సూది గుచ్చి ఉంటుంది. పొద్దున పరదా కోసం ఎక్కించింది తెల్లదారమే. సూది పీకి, ఆవిడ కోటు చేతి అంచునీ నా చొక్కా చేతి అంచునీ కలిపి పట్టుకుని, అక్కడే నిలబడి కచ్చా కుట్టు వెయ్యడం మొదలుపెట్టాను. తొందరలో వేలికి రెండుసార్లు పొడుచుకున్నాను. కుడుతూ నోటికొచ్చింది తిట్టాను.

"ఎవడు చెప్పాడయ్యా నీకు అయిపోయిందని? చెయ్యి పొడుగు ఎక్కువైంది, కనిపించట్లేదా? అంచు దించాలి. భుజం సరిచెయ్యాలి. తెల్లదారం పీకింది నేను, నువ్వు కాదు. నాకు బుద్ధి లేదని పదహారేళ్ళు నువ్వే అన్నావుగా! నీకు దగ్గు తగ్గింది, ఇల్లు దొరికింది, అమ్మ కావాల్సొచ్చింది. నాకెవరున్నారు? చెప్పు, నాకెవరున్నారు?"

మిషన్ ఆగింది.

నా మెడ వెనక చల్లగా తగిలింది, ఇనుప కత్తెర చర్మానికి ఆనితే ఉండే చలవ. కదల్లేదు. దారం కొస ముడి వెయ్యకుండా పొడుగ్గా వదిలేశాను. అత్తయ్య ఎత్తిన చెయ్యి నెమ్మదిగా కిందికి వాలింది.

"చలేస్తోందే. నా చెప్పులేవీ?" అంది విసుగ్గా.

చేతులు చేతులకి కుట్టుకునే ఇంటికి నడిచాం. కింద గార్డు నోరెళ్ళబెట్టాడు. "మామ్మగారు దొరికారా అక్కా?" అంటే "దొరికింది," అన్నాను. మా లిఫ్టులో ఎక్కాక అద్దానికి ఆనుకున్నాను.

"నీ మెడ వెనక దారం వేలాడుతోందే," అంది అత్తయ్య.

పక్కకి తిరిగి అద్దంలో చూసుకున్నాను. నా చొక్కా కాలరు వెనక, ఈ భుజం నుంచి ఆ భుజం దాకా, తెల్లదారంతో కచ్చా కుట్టు. నేను వేసింది కాదు. పోగులు రెండోవైపు వాలి ఉన్నాయి. ప్రతి ఐదోదీ పొట్టిగా ఉంది. నా చెయ్యి దానంతటది వెనక్కి వెళ్ళింది, కొస వేళ్ళకి దొరికింది కూడా. తొమ్మిది అంతస్తులూ ఆ కొస పట్టుకునే నిలబడ్డాను. తలుపు తెరుచుకున్నాక వదిలేశాను.

అత్తయ్య కోటు చేతి అంచుకి ఇప్పటికీ తెల్లదారం ఉంది, తడిసి మాసినప్పుడు కొత్తది వేస్తుంటాను. ఆవిడ రోజూ మూడింటికి వెళ్తుంది, ఐదింటికి వస్తుంది. నా చొక్కా నేనే చేత్తో ఉతుక్కుంటాను, కాలరు దగ్గర రుద్దను. లిఫ్టులో ఎవరో ఒకరు "మీ వెనక దారం ఊడిందండీ, తియ్యనా?" అని చెయ్యి చాస్తారు.

"వద్దండీ, ముట్టుకోకండి. ఇంకా పని అవ్వలేదు," అంటాను.